బెల్టు మీద టాకా

నాకు అనుమానం ఎక్కువ. మా ఆయన దీన్ని పుట్టుకతో వచ్చిన జబ్బంటాడు, నేను వృత్తితో వచ్చిందంటాను. కంకిపాడులో మా ఇంటి ముందుగదే నా టైలరింగు షాపు. పద్నాలుగేళ్ళుగా జాకెట్లూ, పిల్లల గౌన్లూ కుడుతున్నాను. మీటరని తెచ్చిన గుడ్డ కొలిస్తే మీటరుండదు. ముడుచుకోదని కొట్టువాడు ఒట్టేసిన గుడ్డ మొదటి ఉతుకులోనే ముడుచుకుంటుంది. "పోయినసారి కొలతేనండీ, ఏం మారలేదు" అంటూ వచ్చే ఆవిడ నడుము దగ్గర రెండంగుళాలు పెరిగి ఉంటుంది. అందుకని ఎవరేం చెప్పినా ఊఁ అనేసి, టేపు తీసి మళ్ళీ కొలుస్తాను.

ఇంత అనుమానమున్న దాన్ని, నా కూతురి ఒంట్లో తేడా కనబడిన రోజున మాత్రం నా కత్తెరనే తప్పుపట్టుకున్నాను. దానికప్పుడు ఐదేళ్ళు. క్రిస్మస్‌కి చర్చికి వేసుకెళ్ళడానికి తెల్ల గౌను కుట్టాను. వేసి చూస్తే అంచు ఒక పక్క పైకి లేచింది. విప్పి మళ్ళీ కుట్టాను. మళ్ళీ లేచింది. గుడ్డ ఏటవాలుగా కత్తిరించానేమోనని ఇంకో గౌను తొడిగి చూశాను. అదీ అంతే. చివరికి పిల్ల మీద విసుక్కున్నాను.

"తిన్నగా నిలబడవే!"

"తిన్నగానే నిలబడ్డానమ్మా" అంది, రెండు చేతులూ తొడలకి అంటించి, ఊపిరి బిగబట్టి.

ఆ సాయంత్రం దానికి నీళ్ళు పోస్తూ మా అత్తగారు నన్ను కేకేశారు. "అమ్మాయ్, దీని వీపు చూడు. ఒక పక్క రెక్క పైకొచ్చింది." నేను వెళ్ళి చూశాను. తడి వీపు, సబ్బు నురగ. నాకేం కనబడలేదు. మీకు చూపు ఆనట్లేదని చెప్పి వచ్చేశాను.

ఊళ్ళో డాక్టరు గారు కాల్షియం సిరప్పు రాసి, బడి బ్యాగు బరువు తగ్గించమన్నారు. నెలన్నర గడిచినా అంచు అలాగే లేస్తుంటే విజయవాడలో పిల్లల వెన్నెముకలు చూసే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన దాని చొక్కా విప్పించి, చేతులు జోడించి, కాలి వేళ్ళు అందుకునేటట్టు ముందుకి వంగమన్నారు. వంగింది. వీపు కుడిపక్కన పక్కటెముకలు చిన్న దిబ్బలాగా లేచాయి. రోజూ గౌను తొడిగే వీపు. నేనెప్పుడూ చూడలేదు.

ఎక్స్‌రే తీశాక ఆయన తెర మీద చూపించారు. వెన్నెముక నిలువుగా ఉండాల్సింది పక్కకి ఇరవై ఎనిమిది డిగ్రీలు వంగి ఉంది. దీన్ని స్కోలియోసిస్ అంటారట. "పెద్దయ్యాక వస్తే ఒక లెక్కమ్మా. ఇంత చిన్న వయసులో మొదలైతే పిల్ల ఎదిగే కొద్దీ వంపూ ఎదుగుతుంది. మరీ ముదిరితే ఊపిరితిత్తులకి చోటు చాలదు" అన్నారు. ఎదుగుదల పూర్తయ్యేదాకా బెల్టుతో దాన్ని పట్టి ఉంచగలిగితే సరి. లేకపోతే వీపులో కడ్డీలు పెట్టాలి. పిల్ల ఎదుగుతుంటే ఆ కడ్డీలని కూడా పొడిగిస్తూ పోవాలి. ఆయన మెల్లగానే చెప్పారు. నాకు మాత్రం ఆ పొడిగించడమన్న మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి. ఐదేళ్ళ పిల్లని మళ్ళీ మళ్ళీ కోస్తారా?

"ఎందుకొచ్చిందండీ?" అనడిగాను.

"చాలామంది పిల్లల్లో కారణం తెలియదమ్మా."

కారణం తెలియదని చెప్పే మనిషిని ఎట్లా నమ్మాలో నాకు అర్థం కాలేదు. ఇంకో చోట ఇంకో ఎక్స్‌రే తీయించాను. అదే వంపు, అదే ఇరవై ఎనిమిది డిగ్రీలు. లోపల నరాల్లో ఏమైనా ఉందేమోనని స్కానింగు చేశారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే మరెందుకు వంగింది? మా పెళ్ళి ఆల్బం తీసి మా ఆయన తరఫు వాళ్ళ భుజాలు చూశాను. ఆదివారం చర్చిలో ప్రసంగం వినడం మానేసి, ముందు వరసలో కూర్చున్న మా ఆడపడుచు వీపు కొలుచుకుంటూ కూర్చున్నాను. ఆవిడది చక్కగానే ఉంది. నాకు నిరాశ కలిగింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, పసికందుగా ఉన్నప్పుడు దీనికి నీళ్ళు పోసింది మా అత్తగారే. కాళ్ళు చాపుకుని, మోకాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, కుడిచెయ్యీ ఎడమకాలూ కలిపి లాగేవారు. అందరు పిల్లలకీ అలాగే పోస్తారు, నాకూ అలాగే పోశారు. అయినా డాక్టరు గారిని అడిగాను. "దానివల్ల రాదమ్మా" అని నవ్వారు. ఆయన నవ్విన కొద్దీ నా అనుమానం గట్టిపడింది. ఆ రోజు నుంచి మా అత్తగారు ఏం చేసినా నేను ఓరకంట చూడ్డం మొదలుపెట్టాను.

బెల్టు అంటే నడుముకి కట్టుకునే తోలు బెల్టు కాదు. చంకల కింద నుంచి తుంటి దాకా ఒళ్ళంతా పట్టే గట్టి ప్లాస్టిక్ కవచం. లోపల అక్కడక్కడా మెత్తలుంటాయి. అవి వంపు ఉన్న చోట నొక్కి, వెన్నుని మధ్యకి నెడతాయి. ముందువైపు మూడు వెల్‌క్రో పట్టీలు. లోపల బిగుతు బనియను వేసి, పైన బెల్టు వేసి, పట్టీలు లాగి బిగించాలి. రోజుకి ఇరవై గంటలు. సాయంత్రం ఆటకీ స్నానానికీ తప్ప విప్పకూడదు.

విజయవాడలో ఆ బెల్టు చేసే ఆయన నాలాంటి మనిషే. ప్రతిదీ రెండుసార్లు కొలిచాడు. పిల్లని నిలబెట్టి, కూర్చోబెట్టి, కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి మా ఫైల్లో పెట్టాడు. బెల్టు తొడిగాక పట్టీల మీద నల్లపెన్నుతో గీతలు గీశాడు. "ఈ గీత దాకా లాగండి. గీత ఇవతలే ఆగిపోతే బెల్టు ఒట్టి అలంకారమేనండీ. పిల్ల ఎదిగితే గీతలు మారతాయి. నెలనెలా కూర్చోబెట్టి ఎత్తు కొలిచి రాసుకోండి. అంగుళం దాటిందంటే నాకు ఫోన్ చెయ్యండి" అన్నాడు. నేను ఊఁ అన్నాను.

ఇంటికొచ్చి టేపు తీశాను. మా అత్తగారు వంటింట్లోంచి చూసి, "దిష్టీ గిష్టీ మనకి లేవు గానీ అమ్మాయ్, ఎదిగే పిల్లని కొలవకూడదు. ఎదుగుదల ఆగిపోతుంది" అన్నారు. మామూలుగా అయితే నవ్వేసేదాన్ని. ఊళ్ళో పిల్లలందరినీ కొలిచే చెయ్యి నాది. కానీ ఆ రోజు టేపు చుట్టి డ్రాయర్లో పెట్టేశాను. నిజానికి నేనెప్పుడూ నా పిల్లని కొలిచి కుట్టలేదు. పాత గౌను ఆదిగా పెట్టుకుని, రెండు వేళ్ళు వదులు చేర్చి కత్తిరించేదాన్ని. మా అమ్మా అంతే చేసేది. అదొకటి. ఇంకోటి, ఎదిగే కొద్దీ వంపు ఎదుగుతుందని డాక్టరు గారు చెప్పాక, ఇది ఎంత ఎదిగిందో అంకెల్లో చూడటమంటేనే నాకు భయం పట్టుకుంది. ఎదుగుదల ఆగిపోతుందని మా అత్తగారంటే, ఆగిపోతే బాగుండునని లోపల అనుకున్నాను కూడా.

మొదట్లో పిల్ల ఏడ్చింది. వారం తర్వాత అలవాటు పడింది. బళ్ళో పిల్లలు దాని పొట్ట మీద టకటకా కొట్టి నవ్వితే, ఇదీ వాళ్ళతో కలిసి కొట్టుకునేది. బెల్టు మీద వదులుగా ఉండే చొక్కాలు కుట్టాను. ఆర్నెల్లకి బెల్టుతో ఎక్స్‌రే తీస్తే వంపు తగ్గి కనబడింది. డాక్టరు గారు నన్ను మెచ్చుకున్నారు. "ఇలాగే గీత దాకా బిగించండి" అన్నారు. ఆ తర్వాత గీత నాకు వేదవాక్కు అయింది. మరో ఆర్నెల్లకి మళ్ళీ చూపించాల్సి ఉంటే, కూచిపూడి నుంచి డాన్సు డ్రస్సుల ఆర్డరు అడ్డొచ్చింది. ఇరవై రెండు మంది పిల్లలు, ఒక్కొక్కరికి పైజమా, విసనకర్ర మడతలు, జాకెట్టు. వచ్చే నెల వెళ్దాం, వచ్చే నెల వెళ్దాం అనుకుంటూ నాలుగు నెలలు దాటించాను. ఆ పిల్లల వీపులు కొలుస్తూ, ఎవరికీ తెలియకుండా బొటనవేలితో వెన్నుపూసలు తడిమి చూసేదాన్ని. అన్నీ తిన్నగా ఉన్నాయి. కడుపు మండేది.

ఆ రోజుల్లోనే పిల్ల సణగడం మొదలెట్టింది. "టైటుగా ఉందమ్మా." నేను పట్టీ చూసేదాన్ని. సరిగ్గా గీత మీదే ఉంది. "గీత మీదే ఉందిగా, టైటెక్కడిది?" అనేదాన్ని. బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి చెప్పే వయసు వచ్చిందనుకున్నాను. దానికి ఏడో ఏడు నడుస్తోంది. సాయంత్రం స్నానం చేయించి, ఒళ్ళు తుడిచి, బనియను తొడిగి నా దగ్గరికి పంపేది మా అత్తగారు. నేను మిషను మీంచి లేవకుండానే పట్టీలు లాగి బిగించి మళ్ళీ కుట్టుకునేదాన్ని. మా అత్తగారు కూడా రెండు మూడుసార్లు వచ్చి, "బెల్టు దానికి పట్టేస్తోంది అమ్మాయ్" అన్నారు. ఈవిడ పిల్ల ఏడుపు చూడలేక బెల్టు విప్పించడానికి దారులు వెతుకుతోందనుకున్నాను.

ఒక రోజు బెల్టు లోపల నూనె వాసన వచ్చింది. కొబ్బరినూనె. మా అత్తగారి దగ్గర చర్చి అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా ఒకటుంటుంది. తలనొప్పికీ, మోకాళ్ళకీ, పరీక్షలకీ అన్నిటికీ అదే. శుక్రవారం శుక్రవారం మా వెనక వసారాలో ఆడవాళ్ళు ఉపవాస ప్రార్థనకి కూడతారు. నాకు కథంతా ఒక్కసారి అర్థమైపోయినట్టనిపించింది. నేను షాపులో ఉన్నప్పుడు వీళ్ళు పిల్ల బెల్టు విప్పి, వీపుకి నూనె రాసి, చేతులుంచి ప్రార్థన చేస్తున్నారు. ఎన్ని గంటలు విప్పి ఉంచుతున్నారో దేవుడికి తెలియాలి.

అడిగితే ఒప్పుకోరు. అందుకని దర్జీబుద్ధి ఉపయోగించాను. చేత్తో రెండు కుట్లు వేసి గుడ్డని తాత్కాలికంగా పట్టి ఉంచడాన్ని మేం టాకా అంటాం. సాయంత్రం పట్టీలు బిగించాక, నడిమి పట్టీ అంచున తెల్లదారంతో చిన్న టాకా వేశాను. పట్టీ విప్పితే దారం తెగాల్సిందే. "ఇదేంటమ్మా?" అంది పిల్ల. "పట్టీ ఊడిపోకుండా" అన్నాను. అది దారాన్ని వేలితో తడిమి చూసింది.

రోజూ స్నానం ముందు నేనే తెంపి, బెల్టు బిగించాక మళ్ళీ వేసేదాన్ని. మూడు రోజులు దారం అలాగే ఉంది. నాలుగో రోజు శుక్రవారం. మధ్యాహ్నం బడి నుంచి ఒంటిపూటకే వచ్చిన పిల్ల వసారాలో చాప మీద ఆ ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. మంచినీళ్ళకని వెళ్ళిన దాన్ని, దాని చొక్కా కాస్త పైకి జరిగితే పట్టీ చూశాను. టాకా ఉంది. కానీ అది నా టాకా కాదు. నేను దారాన్ని రెండుసార్లు తిప్పి, ముడి దగ్గరికంటా కత్తిరిస్తాను. దీనికి పొడుగ్గా తోక వేలాడుతోంది. విప్పి, మళ్ళీ కుట్టారు!

ఒళ్ళు మండిపోయింది. మా అత్తగారికి సూదిలో దారం ఎక్కించడం కూడా నేనే చేసిపెట్టాలి, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, ప్రార్థనకొచ్చిన వాళ్ళలో కళ్ళు బాగున్నవాళ్ళు నలుగురున్నారని లెక్కేసుకున్నాను.

"ఎవరు విప్పారు దీన్ని?" అని అరిచాను. ప్రార్థన ఆగిపోయింది.

"నేను విప్పలేదు అమ్మాయ్" అన్నారు మా అత్తగారు.

"మరెవరు విప్పారు? దేవదూతలు దిగొచ్చి విప్పారా? నూనె వాసన నాకు రావట్లేదనుకున్నారా?"

"నూనె నేనే రాశాను. స్నానమప్పుడు. దాని చంక కింద—"

నేను ఆవిడని పూర్తి చెయ్యనివ్వలేదు. "నా పిల్లని గూనిదాన్ని చెయ్యండి, చేసి అప్పుడు అందరూ చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పుకోండి" అన్నాను. గూని అన్న మాట ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ అనలేదు. ఎవరైనా అంటారేమోనని రెండేళ్ళుగా భయపడుతున్న దాన్ని, నేనే అన్నాను, పిల్ల ముందు. అది చాప మీద కూర్చుని నా మొహంలోకి చూస్తోంది.

వచ్చినవాళ్ళు బైబిళ్ళు సర్దుకుని వెళ్ళిపోయారు. మా అత్తగారు రెండు చీరలూ కళ్ళజోడూ సంచిలో పెట్టుకుని, హనుమాన్ జంక్షన్‌లో ఉన్న మా ఆడపడుచు ఇంటికి బస్సెక్కారు. మా ఆయన రాగానే నేనే సంగతి చెప్పాను. అన్నం తిని, తన కంచం తనే కడుక్కున్నాడు. ఆయన కోపం అంతకంటే ఎక్కువ ఎప్పుడూ ఉండదు.

ఆ సాయంత్రం పిల్ల స్నానం తనే చేస్తానంది. తలుపేసుకుని, బనియను తొడుక్కునే బయటికొచ్చింది. నేను గీత దాకా బిగించి, టాకా వేశాను. ఇప్పుడు ఇంట్లో అత్తగారు లేరు, నూనె లేదు, ప్రార్థన లేదు. హాయిగా ఉండాలి. కానీ మర్నాడు పొద్దున దారం చూస్తే మళ్ళీ తోక వేలాడుతోంది.

అది రెండో శనివారం, బడి లేదు. పక్కవీధిలో చీర ఇచ్చొస్తానని పిల్లకి చెప్పి, వీధి తలుపు చప్పుడయ్యేటట్టు వేసి, చెప్పులు విప్పి వెనక్కొచ్చాను. షాపులో బట్టలు వేసి చూసుకోవడానికి ఒక మూల పరదా కట్టి ఉంటుంది. దాని వెనక నిలబడితే నడిమి గది కనబడుతుంది. నా కూతుర్ని పట్టుకోవడానికి నేను పరదా వెనక దాక్కున్నాను.

అది కిటికీ పరదా అంచున గుచ్చిపెట్టిన సూది తీసింది. తెల్లదారం ఎక్కించే ఉంది. సూది మొనతో టాకా లేపి తెంపింది. పట్టీల వెల్‌క్రో చప్పుడు రాకుండా ఒక్కొక్కటీ మెల్లగా, మెల్లగా విడదీసింది. బెల్టు కాస్త తెరుచుకోగానే కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి పీల్చింది. తర్వాత ఎడమచెయ్యి పైకెత్తి, నోట్‌బుక్కుతో చంక కింద విసురుకుంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "వన్, టూ, త్రీ..." నేను అక్కడే నిలబడి వింటున్నాను. హండ్రెడ్ దాకా పెట్టింది. హండ్రెడ్ అనగానే నోట్‌బుక్కు పక్కన పెట్టి, పట్టీలు ఒక్కొక్కటీ పళ్ళబిగువున లాగింది. సరిగ్గా గీత దాకా లాగింది. మొహం ఎర్రబడింది. అప్పుడు నాలుక బయటపెట్టి, నేను కుట్టేటప్పుడు పెట్టినట్టే, అంచున రెండు కుట్లు వేసుకుంది. తోక కత్తిరించడానికి దానికి కత్తెర అందదు, నేను పైన పెడతాను.

పరదా తోసుకుని చెయ్యెత్తుకునే వచ్చాను. అది ఏడవలేదు. రెండు చేతులూ తొడలకి అంటించి తిన్నగా నిలబడి, "హండ్రెడేనమ్మా. దాటలేదు" అంది.

ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. బెల్టు విప్పి, బనియను పైకెత్తాను. చంక కింద, బెల్టు అంచు నొక్కుకునే చోట, రూపాయి బిళ్ళంత పుండు. పై తోలు లేచిపోయి తడిగా ఉంది. చుట్టూ పాత నూనె జిడ్డు. బనియను దానికి అంటుకుని ఉంటే, ఊడదీసేటప్పుడు ఒక్కసారి "స్స్" అంది, అంతే.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను. గీత మీదే ఉందన్నావు."

డ్రాయర్లోంచి టేపు తీశాను. దాన్ని బల్ల మీద కూర్చోబెట్టి, గోడకి ఆనించి కొలిచాను. దేంతో పోల్చుకోవాలి? నా పుస్తకంలో కూచిపూడి పిల్లలు ఇరవై రెండు మంది కొలతలున్నాయి, మెడా, భుజమూ, నడుమూ, అరంగుళాలతో సహా. నా పిల్లది ఒక్క అంకె లేదు. ఫైల్లో బెల్టు చేసినాయన కాగితం వెతికి చూశాను. కూర్చున్న ఎత్తు దాదాపు రెండంగుళాలు పెరిగింది. ఛాతీ అంగుళం పైనే పెరిగింది. ఆరేళ్ళ నాటి గౌను ఏడేళ్ళ పిల్లకి తొడిగి, హుక్కు పట్టట్లేదని పిల్లని తిట్టే తల్లులు నా షాపుకి వస్తుంటారు. వాళ్ళు వెళ్ళాక నేను నవ్వుకుంటాను.

సోమవారం విజయవాడ వెళ్ళాం. డాక్టరు గారు ముందు పుండు కడిగి కట్టు వేశారు. ఎక్స్‌రేలో వంపు ఏడు డిగ్రీలు పెరిగింది. "పిల్ల పైకి ఎదిగింది, బెల్టు అక్కడే ఉంది. నొక్కాల్సిన చోటు వదిలేసి కింద ఎక్కడో నొక్కుతోందమ్మా" అన్నారు. రోజుకి ఎన్ని గంటలు వేశారని అడిగితే నేను ఇరవై అన్నాను. పిల్ల, "హండ్రెడ్లు తీసెయ్యాలి" అంది. ఆయనకి అర్థం కాలేదు.

"కడ్డీలు వెయ్యాలా అండీ?" అనడిగాను. రెండోసారి అడిగితే గానీ ఆయనకి వినబడలేదు.

"ఇప్పుడు కాదు. ఇంకా చెయ్యి దాటలేదు. పుండు మానాక కొత్త బెల్టు వేద్దాం, నాలుగు నెలలకి చూద్దాం. ఈసారి ఆలస్యం చెయ్యకండి" అన్నారు.

బెల్టు చేసే ఆయన పాతది చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. పట్టీల మీద నల్లగీత చెక్కు చెదరలేదు. నా బిగింపులకి ఆ గీత దగ్గరే పట్టీ మడతపడి అరిగింది. "గీత నేనే గీశానండీ. కానీ ఇది పోయినేడాది పిల్లకి గీసింది" అన్నాడు. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. డాక్టర్లని, ఎక్స్‌రేలని, మా ఆడపడుచు వీపుని, అత్తగారి నూనెని, కన్నకూతురి నోటిమాటని, అన్నిటినీ అనుమానించాను. పెన్నుతో గీసిన ఒక్క గీతని మాత్రం రెండోసారి కొలవలేదు.

తిన్నగా హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను, పిల్లని తీసుకుని. మా అత్తగారు మా ఆడపడుచు ఇంటి అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. నన్ను పలకరించలేదు. పిల్లని దగ్గరికి లాక్కుని, చెయ్యెత్తించి, ముందు పుండు చూశారు. డాక్టరు వేసిన కట్టు చూసి, "ఆఁ" అన్నారు. "తప్పయింది అత్తయ్యా" అన్నాను.

"నీకు మూడుసార్లు చెప్పడానికొచ్చాను అమ్మాయ్. మూడుసార్లూ నువ్వు మిషను ఆపలేదు" అన్నారు. గొంతులో కోపం లేదు. ఆ చిక్కుళ్ళు ఒలవడం అయ్యేదాకా కూర్చోబెట్టి, అప్పుడు సంచి తీసుకుని మాతో బయల్దేరారు. ఆ తర్వాత నుంచి నెలలో మొదటి ఆదివారం చర్చి నుంచి రాగానే పిల్లని బల్ల మీద కూర్చోబెట్టేది ఆవిడే. ఎదుగుదల ఆగిపోతుందన్న మాట ఆవిడ మళ్ళీ అనలేదు. నేను టేపు పెడుతుంటే మాత్రం కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతుంటారు. నేను కొలిచిన అంకె పుస్తకంలో రాసి, ఇంకోసారి కొలుస్తాను.

కొత్త బెల్టు వచ్చిన మర్నాడు పొద్దున బడికి తయారుచేస్తున్నాను. కొత్త గీతల దాకా పట్టీలు లాగాను. రెండు వేళ్ళు పెట్టి చూశాను. ఎక్కడైనా నొక్కుతోందా అనడిగాను. లేదంది. అప్పుడది షాపులోకి పరుగెత్తి, సూదీ తెల్లదారం రీలూ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"టాకా వెయ్యి."

"అక్కర్లేదు అమ్మలూ. ఇక టాకాలు లేవు."

"మరి నేను విప్పలేదని నీకెలా తెలుస్తుంది?"

"నువ్వు చెప్తావుగా. నువ్వు చెప్తే నాకు తెలుస్తుంది."

అది నా మొహంలోకి చూసింది. కొట్టువాడు గుడ్డ ముడుచుకోదని ఒట్టేసినప్పుడు నేను వాడి మొహంలోకి ఎలా చూస్తానో, అచ్చం అలా. "ఊఁ" అంది. బ్యాగు తగిలించుకుని ఆటో ఎక్కేసింది.

సాయంత్రం బడి నుంచి వచ్చాక యూనిఫాం విప్పుతున్నాను. చూడకూడదనుకున్నాను, ప్రమాణంగా అనుకున్నాను. నా కళ్ళు వాటంతటవే నడిమి పట్టీ మీదకి పోయాయి. పట్టీ అంచున టాకా ఉంది. ఎర్రదారంతో, వంకరగా, రెండు కుట్లు. తోక వేలాడుతోంది.

"ఇదెవరు వేశారే?"

"నేనే. సూదీ దారం నా బ్యాగులో ఉన్నాయి. పొద్దున ఆటోలో వేసుకున్నా."

"ఎందుకమ్మా? వద్దన్నాగా."

"నువ్వు చూస్తావని" అంది.